గ్లాసు పక్కన జామకాయ ముక్కలు

తలుపు వేసేశారు. మా ఆవిడ లోపల, నేను బయట. "మీరు కాసేపు బయట కూర్చోండి, డాక్టరమ్మ ఆవిడతో విడిగా మాట్లాడాలన్నారు" అంది నర్సు, అని ఊరుకుందా, నా చేతుల వంక చూసింది, ముఖం వంక కాదు, చేతుల వంకే. చూడదూ మరి. ఒంటి నిండా కమిలిన మచ్చలతో ఒక మనిషి వస్తే, పక్కనే మొగుడు గుడ్లప్పగించి నిలబడితే, ఎవరికైనా ఏమనిపిస్తుంది, ఆ మొగుడికే అదే అనిపిస్తుంటే. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. కుర్చీ ప్లాస్టిక్‌ది, చల్లగానే ఉంది, అయినా అరచేతులు చెమట పట్టి జారుతున్నాయి. లోపల ఏం అడుగుతున్నారో నాకు తెలుసు. నిన్నెవరైనా కొట్టారా అమ్మా, భయపడకు, ఆయన బయటే ఉన్నాడు, నిజం చెప్పు. ఆవిడ కొట్టలేదనే చెబుతుంది, నాకూ అలాగే చెప్పింది, అడిగినప్పుడల్లా అదే మాట. మరి కొట్టకపోతే అవెక్కడివి. నేను కొట్టానా, కొట్టలేదా, ఇంత చిన్న సంగతి నాకు తెలియదంటే ఎవడైనా నమ్ముతాడా, సొంత చేతులు ఏం చేశాయో తెలియని వెధవని నేనొక్కణ్ణే ఉంటాను. కొట్టలేదని గుర్తుంటే హాయిగా కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాణ్ణి. కొట్టానని గుర్తున్నా ఒక దారి ఉండేది, లోపలికెళ్లి కాళ్ల మీద పడేవాణ్ణి. సాయంత్రం రెండో గ్లాసు దాకా గుర్తుంటుంది, ఆ తర్వాత తెల్లారడమే. మధ్యలో ఏం జరిగిందో ఆవిడకే తెలియాలి.

ఎదురుగా గోడ. లేత పిస్తా రంగు వేశారు, నడుము ఎత్తు దాకా ముదురు, మూలన పెచ్చు ఊడితే మళ్లీ పూశారు, ఆ అతుకు కొట్టొచ్చినట్టు కనబడుతోంది, ఒక చుక్క నలుపు ఎక్కువైంది, నన్నడిగితే చెప్పేవాణ్ణి. నా పని అదే, పెయింట్ల షాపులో రంగులు కలపడం. మెషీను ఉంది, నంబరు కొడితే అదే కలుపుతుంది, కానీ పాత గోడకి కొత్త రంగు అతకాలంటే మెషీను వల్ల కాదు. గోడ పెచ్చు తెచ్చి నా బల్ల మీద పెడతారు, దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో అటూ ఇటూ తిప్పి, డబ్బాలో ఇంత పసుపు, ఇంత ఎరుపు, ఒక్కో చుక్కా వేసి, వేలితో రాసి, ఆరాక చూసి, సరే పట్టుకుపో అంటాను. షాపులో అందరూ నన్ను షేడ్‌కార్డు అంటారు, రంగుల నమూనాల అట్ట పేరే నాకు పెట్టారు. ఓనరైతే వచ్చినవాళ్ల ముందు "రంగు విషయంలో మావాణ్ణి దేవుడు కూడా మోసం చెయ్యలేడు" అని గొప్పలు పోతుంటాడు, నేనూ కాదనను, ఛాతీ విరుచుకుని నిలబడతాను. ఆ కళ్లే ఇప్పుడు నా కొంప ముంచాయి. మామూలు మనిషైతే మచ్చ అనుకుని ఊరుకునేవాడు. నాకు రోజులు కనబడతాయి. కొత్తది ఎర్రగా ఉంటుంది, మర్నాటికి నేరేడుపండు, ఆ తర్వాత అంచుల్లో ఆకుపచ్చ దిగుతుంది, చివరికి పాత కాగితం పసుపు. ఆవిడ పిక్కల మీద, తొడల మీద, జబ్బల మీద, అన్ని రంగులూ ఒకేసారి ఉన్నాయి. అంటే ఒక్కరోజు పని కాదు. నిన్నటిది, మొన్నటిది, అంతకు ముందుది, ఎవడో రోజూ పని గట్టుకుని చేసినట్టు. ఇంట్లో ఇంకెవరున్నారు, ఆవిడా నేనూ తప్ప.

మొదటి మచ్చ చూసినప్పుడు నవ్వాను కూడా. మంచం కోడు తగిలిందండీ అంది, కళ్లు నెత్తి మీద పెట్టుకుని నడుస్తావేమిటే అన్నాను. రెండోసారి అల్మారా తలుపు. ఆ తర్వాత ఏం తగిలిందో చెప్పడం ఆవిడ మానేసింది, అడగడం నేను మానేశాను. ఎండల్లో కూడా పొడుగు చేతుల బట్టలే వేసుకునేది, నాకెక్కడ కనబడుతుందోనని దాస్తోంది, నా దగ్గరే దాస్తోందంటే అది నేను చేసిందే అయుండాలి, లేకపోతే దాచడం దేనికి. తర్వాత పళ్లు. ఒకవైపే నమిలేది, తర్వాత నమలడమే మానేసింది, టీలో బ్రెడ్డు ముంచుకుని మింగేది, ఇంకాస్త తినవే అంటే ఆకలి లేదండీ. పొద్దున్నే వాష్‌బేసిన్‌లో ఎర్రటి చార. చిగుళ్లు వాచి వంకాయ రంగులోకి తిరిగాయి. మూతి మీద కొడితే చిగుళ్లు అలాగే వాస్తాయా, నాకేం తెలుసు, నేనేమన్నా డాక్టర్నా, కానీ వాస్తాయనే అనిపించింది. అన్నిటికంటే ఆ మోచేతి గాటు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడితే కుట్లు వేశారట, మా పెళ్లినాటికే అదొక తెల్లటి గీత, దాని మీద వేలు పెట్టి, ఎవరే నీ చేతి మీద సంతకం పెట్టింది అని ఏడిపించేవాణ్ణి ఒకప్పుడు. ఈ ఉదయం ఆ గీత విచ్చుకుంది. ఎప్పుడో మానిపోయిన దెబ్బ, ఇన్నేళ్ల తర్వాత, నోరు తెరుచుకుని తడిగా. అది చూసి నా పైప్రాణాలు పైనే పోయాయి. పద ఆస్పత్రికి అన్నాను. వద్దండీ అంది, వద్దంటే వద్దంది, కాళ్లావేళ్లా పడింది. ఎందుకంత భయపడిందో నాకు అప్పుడే అర్థమైపోయింది, మొగుడు జైలుకి పోతాడని. నన్ను కాపాడుకుంటోంది.

ఆవిడ ఇదివరకు సినిమా హాల్లో టికెట్లు ఇచ్చేది. గాజు కిటికీ వెనక కూర్చునేది, చిన్న కన్నంలోంచి చెయ్యి మాత్రం బయటికొచ్చేది, నేను మొదట చూసింది ఆ చేతినే, ఆ చెయ్యి కోసం ఒకే సినిమా నాలుగుసార్లు చూశాను, కథ ఇప్పటికీ తెలియదు. ఆ హాలు మూసేశారు. సాయంత్రమైతే ఫస్ట్ షో వేళకి ఒళ్లు దానంతటదే లేచి నిలబడుతుందండీ, ఏం చెయ్యాలో తోచదు అనేది, నేను నవ్వేసేవాణ్ణి. నేను రావడం, కాళ్లు కడుక్కోవడం, ముందు గదిలో కుర్చీ, టీవీ, బాటిలు, గ్లాసు. గ్లాసు పక్కన ప్లేట్లో జామకాయ ముక్కలు, నిమ్మకాయ పిండి, ఉప్పు చల్లి, ఒక్కోసారి టమాటాలు, నారింజ తొనలు. ఉత్త కడుపున తాగితే పేగులు కాలిపోతాయండీ అని ఆవిడే కోసి పెట్టేది, పెట్టి వంటింట్లోకి పోయేది, నేను ఒక్కో ముక్కా నంజుకుంటూ కూర్చునేవాణ్ణి. నువ్వు తిన్నావా అని అడిగినట్టే గుర్తు, అడిగానో లేదో. ఈ మధ్య బాటిలు ఇట్టే అయిపోతోంది. అంటే తాగుడు పెరిగింది, గుర్తులేని ఆ వేళలో లేచి మళ్లీ మళ్లీ పోసుకుంటున్నానన్నమాట. పోనీ అంత తాగితే ఇట్టే ఎక్కాలిగా, ఒక పట్టాన ఎక్కదు, చప్పగా ఉంటుంది. నీళ్లు కలిపి అమ్ముతావురా దొంగ వెధవా అని, సగం బాటిలు సంచిలో పెట్టుకుని వెళ్లి మరీ షాపువాడితో గొడవేసుకున్నాను. వాడు బాటిల్ని వెలుగుకి ఎత్తి "రంగు మీరే చూడండి సార్, నీళ్లు కలిస్తే ఈ రంగుంటుందా, మీకు తెలియని రంగా" అన్నాడు. చూశాను. నిజమే, తేనె రంగు, వీసమెత్తు తేడా లేదు. రంగు సరిగ్గా ఉంటే సరుకు సరిగ్గా ఉన్నట్టే, నా లెక్క అది. నోరు మూసుకుని వచ్చాను. నా నాలుకే మొద్దుబారిందనుకుని ఇంకో గ్లాసు ఎక్కువ పోసుకోవడం మొదలెట్టాను, ఆ ఇంకో గ్లాసు తర్వాతే నాకేమీ గుర్తుండదు.

నాన్న తాగేవాడు కాదు. తాగకుండానే కొట్టేవాడు, చేతిగడియారం తీసి బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు మడిచి మరీ కొట్టేవాడు, అమ్మని. నేను ఆయనలా కాకూడదనుకున్నాను, కానీ చేతులు మాత్రం అచ్చం ఆయనవే, ఈ వెడల్పు, ఈ కణుపులు. కుడిచేతి కణుపు మీద గీరుకుపోయింది, డబ్బా మూత తీస్తుంటే తగిలిందని అనుకుంటున్నాను, అనుకోవడమే, చూసిందెవరు. మొన్న తెల్లవారుతుంటే ఆవిడ నిద్రలో ఉండగా ఒక పాడు పని చేశాను. దుప్పటి తొలగించి, జబ్బ మీద మచ్చకి నా వేళ్లు ఆనించి చూశాను, సరిపోతాయేమోనని. సరిపోలేదు. మచ్చ పెద్దది, అడ్డదిడ్డంగా ఉంది. సంతోషించాల్సింది పోయి, అయితే కాలితో తన్నానేమో అనుకున్నాను. పాదం ఆనించి చూసే ధైర్యం మాత్రం చాలలేదు. అంతలో ఆవిడ కళ్లు తెరిచింది, నన్ను అంత దగ్గరగా చూసి గబుక్కున రెండు చేతులతో నోరు మూసుకుంది, ఊపిరి కూడా బయటికి రానివ్వకుండా. అరుపు ఆపుకుందనుకున్నాను. కట్టుకున్న మొగుణ్ణి చూసి ఎవరైనా అలా హడలిపోతారా. ఆవిడ లేచి బాత్రూంలోకి పోయి నోరు కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

జేబులో ఫోను మోగితే అదిరిపడ్డాను. బావమరిది. లారీలు బాగు చేస్తాడు, మనిషి మంచివాడే, అక్కంటే ప్రాణం, చెయ్యి మాత్రం రెంచీలా ఉంటుంది.

"బావా, అక్కకి ఏమైంది? మీ పక్కింటామె ఫోన్ చేసింది."

"ఏం లేదురా, ఊరికే ఒకసారి చూపిద్దామని."

"ఒంటి మీద దెబ్బలున్నాయంట?"

"దెబ్బలు కావురా."

"మరేంటి?"

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"బావా, నిజం చెప్పు. తాగి అక్క మీద చెయ్యి చేసుకున్నావా?"

లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది. రెండక్షరాలు. గొంతు దాకా వచ్చాయి, అక్కడే ఉండిపోయాయి, అబద్ధమేమోనని భయం, కొట్టిందే నిజమైతే ఆ తర్వాత ఏ ముఖం పెట్టుకుని వాడి ముందు నిలబడను. "వస్తున్నా" అని పెట్టేశాడు. వాడి షెడ్డు ఇక్కడికి దూరమేమీ కాదు. వస్తాడు, గ్రీజు చేతులతోనే వస్తాడు, నలుగురిలో కాలరు పట్టుకుంటాడు, పట్టుకోనీ, తంతే తన్ననీ, కనీసం అప్పుడైనా ఎవరికో ఒకరికి నిజం తెలిసినట్టుంటుంది. లేచి పారిపోదామా. మెట్లు అక్కడే ఉన్నాయి. ఇక తాగను, ఆవిడ మీద ఒట్టు, ఇవాళ్టి నుంచి ఒక్క చుక్క ముట్టను... ఒట్టు ఇంకా పూర్తి కాలేదు, నాలుక ఎండిపోయి అదే అడుగుతోంది, ఒక్క గ్లాసు పడితే ఈ వణుకు ఆగుతుంది అంటోంది, థూ నీ బతుకు, ఎంత మనిషివిరా షేడ్‌కార్డూ. పక్క కుర్చీలో ముసలాయన నా పెదాలు కదలడం చూసి, జపం చేసుకుంటున్నాననుకున్నాడు కాబోలు, మర్యాదగా కాస్త ఎడంగా జరిగాడు. ఎంతసేపు మాట్లాడతారు లోపల. ఇంతసేపు పట్టిందంటే చెప్పేసిందన్నమాట. చెప్పెయ్యవే, చెప్పేస్తే నాకూ తెలుస్తుంది. వద్దు, చెప్పకు.

"రండి" అంది నర్సు.

ఆవిడ స్టూలు మీద తల దించుకుని కూర్చుని ఉంది, బట్టల చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి, గాటు మీద తెల్లటి గుడ్డ. నా వంక చూడలేదు. చేతులు మళ్లీ తొడల కింద పెట్టుకుని పక్క కుర్చీలో కూర్చున్నాను. డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది, పోలీసులకి ఫోన్ చేసేవాళ్లు అంత తీరిగ్గా తుడుచుకుంటారా, ఏమో.

"ఇంట్లో పళ్లు, కూరగాయలు తింటారా?" అంది.

ఇదేం ప్రశ్న. "తింటామండీ. రోజూ జామకాయలు కోస్తుంది, నిమ్మకాయ, నారింజ..."

"ఎవరు తింటారు?"

ప్లేటు గుర్తొచ్చింది, గ్లాసు పక్కన ప్లేటు, అందులో వేళ్లు పెట్టేది ఎవరో గుర్తొచ్చింది. "నేను" అన్నాను.

"ఇవి దెబ్బలు కావు" అంది డాక్టరమ్మ. "కాళ్ల మీద చూశారా, వెంట్రుక వెంట్రుకకీ మొదలు దగ్గర ఎర్ర చుక్క ఉంది. ఆ చిగుళ్లు, ఆ పాత గాయం విచ్చుకోవడం, ఇదంతా చూస్తే విటమిన్ సి ఒంట్లో అడుగంటినట్టుంది. స్కర్వీ అంటారు, పూర్వం నెలల తరబడి ఓడల్లో పోయేవాళ్లకి వచ్చేది. రక్తనాళాల గోడలు బలహీనపడి లోపల్లోపలే రక్తం కారుతుంది. మానిన గాయాన్ని కూడా ఒళ్లు పట్టి ఉంచలేకపోతుంది. రక్తం టెస్టుకి పంపుతున్నాను, మందు మాత్రం ఇవాళే మొదలుపెడదాం."

నేను కొట్టలేదు. కొట్టలేదు, కొట్టలేదు, ఈ చేతులు ఏమీ చెయ్యలేదు, ప్రాణం లేచొచ్చింది, ఆ డాక్టరమ్మకి దణ్ణం పెట్టాలనిపించింది, చేతులు బయటికి తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాను, ఇంతసేపటికి. ఓడల్లో వాళ్ల జబ్బు మా ఇంట్లోకెందుకొచ్చిందో, సముద్రం ముఖమైనా చూసి ఎరగదు పిచ్చిది. విటమినే కదా, మాత్రలు మింగితే పోతుంది.

"ఇంట్లో తాగేదెవరు?"

"నేనేనండీ" అని బడిపిల్లాడిలా చెయ్యెత్తాను.

"మీ సంగతి మీ ముఖమే చెబుతోంది. మీరు తాగినా పక్కన పళ్లు తింటున్నారు, అది కొంతవరకు కాపాడింది. తాగుడు ఎక్కువైతే విటమిన్ సి ఒంటికి సరిగ్గా పట్టదు, ఉన్నది కూడా మూత్రంలో పోతుంది. దానికి తోడు తిండి మానేస్తే ఇదిగో, ఇలా అవుతుంది." ఇలా అన్నప్పుడు డాక్టరమ్మ నా వంక చూడలేదు. మా ఆవిడ వంక చూసింది. "నువ్వు చెబుతావా అమ్మా, నన్ను చెప్పమంటావా?"

మా ఆవిడ బట్టల చేతులు కిందికి లాక్కుంది. "మొదట్లో పారబోద్దామనే తీశానండీ" అంది, నేలతో చెప్పినట్టు. "బాటిల్లో తగ్గితే మీరు తక్కువ తాగుతారని. సింకులో పొయ్యబోతే చేతులు రాలేదు, మీ కష్టార్జితం కదా. పారబొయ్యడమెందుకని కొంచెం నోట్లో పోసుకున్నాను. ఆ పూట ఫస్ట్ షో వేళ ఎప్పుడు గడిచిందో తెలియలేదు."

"మరి బాటిలు..."

"నీళ్లు పోసేదాన్ని."

"రంగు?" అన్నాను. అదే అడిగాను, ఆలి ప్రాణం మీదికొచ్చి కూర్చుంటే నేనడిగింది రంగు గురించి.

"టీ డికాషన్. పలచగా కాచి, ఒక్కో చుక్కా వేసి, కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూసుకునేదాన్ని. మీరు చూస్తారుగా, అలాగే."

ఇందాకటి భయం దీని ముందు ఏపాటి. నేను టీవీ ముందు, ఆవిడ వంటింట్లో, మధ్యలో ఒక్క గోడ. నేను ముక్క నంజుకుంటుంటే ఆవిడ ఉత్త కడుపున మింగేది, తాగి పొయ్యి దగ్గర నిలబడేది, కత్తి పట్టుకుని నా కోసం జామకాయలు కోసేది, పడిపోయి ఉంటే, ఒళ్లు అంటుకుని ఉంటే, నేను ముందు గదిలో కూర్చుని ఉప్పు తక్కువైందే అని అరిచేవాణ్ణి. మొన్న నోరు మూసుకున్నది అరుపు ఆపుకోవడానికి కాదు, వాసన దాచడానికి. డాక్టరమ్మ ఏదేదో చెబుతోంది, మాత్రలు వేసుకుంటే కొద్దిరోజుల్లో చిగుళ్ల రక్తం ఆగుతుందట, అది సులువేనట, రెండోది, తాగుడు మానడమే కష్టమట, ఉన్నపళంగా మానేస్తే వణుకు పుట్టి మూర్ఛ కూడా రావచ్చట, సాయంత్రానికి వేరే మాత్ర ఇస్తారట, ఏమాత్రం తేడా వచ్చినా ఏ వేళైనా తీసుకొచ్చెయ్యాలట, రేపు మళ్లీ రావాలట. "ఇద్దరూ" అంది, రెండుసార్లు అంది.

బయటికొచ్చాం. అవే ప్లాస్టిక్ కుర్చీలు, అదే అతుకుల గోడ. "నేను నిన్ను కొట్టలేదు కదూ" అన్నాను. సిగ్గు లేదు నాకు, ఇంకా ఆవిడ నోటితో వినాలని.

"ఎన్నిసార్లు చెప్పాను?" అంది. తర్వాత, కోపమేమీ లేకుండా, "కొట్టాలన్నా మనిషి వంక చూడాలి కదండీ" అంది.

మందుల చీటీ మడత పెడుతున్నాను, అంతలో మెట్ల మీద బూట్ల చప్పుడు, బావమరిది, గ్రీజు చేతులతోనే వచ్చాడు. అక్క మూతి చూశాడు, పిక్కలు చూశాడు, ఇంకేమీ అడగలేదు, నా కాలరు పట్టుకుని గోడకి ఆనించాడు. "ఎవరు చేశారు బావా ఇది?" మా ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుంది, చెప్పొద్దని. ఇందాక లేదు అనడానికి రాని నోరు ఇప్పుడు చటుక్కున తెరుచుకుంది. "నావల్లేరా" అన్నాను. వాడి చెయ్యి పైకి లేచింది.

"వదలరా" అంది మా ఆవిడ. "తాగింది నేను."

అందరూ విన్నారు, నర్సు, ముసలాయన, మందుల కిటికీ దగ్గరున్న వాళ్లు. బావమరిది చెయ్యి పైనే ఉండిపోయింది. అక్క వంకా నా వంకా మార్చి మార్చి చూసి, చెయ్యి దించి, ఆ గ్రీజంతా ప్యాంటుకి తుడుచుకుంటూ నిలబడ్డాడు, పాపం, వాడికి ఇంక ఎవర్ని కొట్టాలో తెలియలేదు.

ఆవిడ కుర్చీలో కూలబడింది. పక్కన కూర్చున్నాను. ఇంట్లో సగం బాటిలు ఉంది, ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు, ఎంతుందో కూడా తెలుసు. ఆవిడ ముఖం ఉబ్బి ఉంది, కళ్ల కింద చర్మం పలచబడింది, ముందు పన్ను ఒకటి కాస్త వంగింది, ఇవన్నీ ఎప్పుడు జరిగాయో నాకు తెలియదు. చూస్తూ కూర్చున్నాను.

"సాయంత్రం ఏం చేద్దామండీ?" అంది, ఎవరికీ వినబడకుండా. "నాకు భయంగా ఉంది."

నాకూ భయంగానే ఉంది, ఆవిడకంటే ఎక్కువే. మానేద్దాం అనడానికి నోరు రాలేదు.

"ముక్కలు నేను కోస్తాను" అన్నాను. "ఇద్దరికీ."